తోపులోంచి దుంగలు బయటికి తేవడానికి ఏది మేలు: ఏటీవీ, ట్రాక్టరు, ఎద్దుల జత, జేసీబీ

మామిడి కాపు ముగిసి, తోతాపురి చివరి లోడు గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తోపులున్న రైతులు చాలామంది చెట్ల పని మీద పడతారు. కాపు తగ్గిన ముసలి మామిళ్లను తీసేయడం, గాలికి ఒరిగిన మానులను కోయించడం, గుట్ట వాలులో పదేళ్ల కిందట నాటిన టేకులో కొన్ని చెట్లు తీసి పలచన చేయడం, ఇవన్నీ తోతాపురి కోత అయిన తరువాత మొదలై, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకునేలోగా ముగియవలసిన పనులు. చెట్టును కోయడానికి రంపం మిషనుతో ఒక గంట చాలు. కోసిన దుంగను తోపు మధ్య నుంచి లారీ నిలిచే బాట దాకా తేవడానికి మాత్రం ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది, అదీ నడుము విరగకుండా, డ్రిప్పు పైపులు తెగకుండా, ఎవరి కాలూ నలగకుండా జరిగితే.

ఈ పనికి ఏటీవీ కొనవచ్చా అని ఈ రెండేళ్లలో నన్ను చాలామంది అడిగారు. నాలుగు లావు టైర్లతో, మోటారు సైకిలు హ్యాండిలుతో ఉండే ఆ బండిని రిసార్టుల్లో పిల్లలు తొక్కుతుండగా చూసినవారే కాక, విదేశాల్లో అడవి లోపల దానితో దుంగలు లాగుతున్న వీడియోలు చూసినవారు కూడా మన గుట్టల్లో అది పనికొస్తుందనే ఆశతో ఉన్నారు. పాకాల దగ్గర మా మామిడి తోపులోనూ, దాని వెనక వాలులో ఉన్న టేకులోనూ నేను ఏటీవీతో, మినీ ట్రాక్టరుతో, పెద్ద ట్రాక్టరుతో, ఎద్దులతో దుంగలు తీయించాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. వత్తుగా నాటిన టేకు, సరుగుడు తోటల్లో సన్న దుంగలు తీయడానికి ఏటీవీకి సాటి వచ్చేది లేదు. ముసలి మామిడి మానులకు అది అసలు పనికిరాదు. దుంగల కోసమే దాన్ని కొనడం మన జిల్లాల్లో చాలామంది రైతులకు గిట్టుబాటు కాదు. ఎందుకు అలా అంటున్నానో తెలియాలంటే ముందు బరువుల లెక్క చూడాలి.

దుంగ బరువు ఎంత

బండి గురించి ఆలోచించే ముందు దుంగ బరువు తెలుసుకోవాలి. దీనికి కాటా అవసరం లేదు, టేపు చాలు. మన అడితీల్లో కలపను కొలిచే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. దుంగ మధ్యలో చుట్టుకొలత తీసుకుని, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్లీ హెచ్చవేస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఈ లెక్క దుంగలో ఉన్న అసలు కలప కంటే సుమారు ఐదో వంతు తక్కువ చూపిస్తుంది. పచ్చి కలప ఇంచుమించు నీటి బరువుతో సమానంగా తూగుతుంది కాబట్టి, ఆ తేడాను కూడా కలుపుకుంటే, అడితి లెక్కలో వచ్చిన ప్రతి ఘనపుటడుగుకు 35 కిలోలు వేసుకోవచ్చు.

చుట్టుకొలత ఒకటిన్నర అడుగు, పొడవు 12 అడుగులు ఉన్న టేకు దుంగ 1.75 ఘనపుటడుగులకు కొంచెం తక్కువగా వస్తుంది, అంటే 60 కిలోల బరువు. ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని నడవగలరు. చుట్టుకొలత 3 అడుగులు, పొడవు 10 అడుగులు ఉన్న దుంగ సుమారు 200 కిలోలు తూగుతుంది. చుట్టుకొలత 6 అడుగులున్న ముసలి మామిడి మానును 8 అడుగుల పొడవుకే కోసినా 18 ఘనపుటడుగులు, అంటే 630 కిలోలు అవుతుంది. చుట్టుకొలత రెట్టింపయితే బరువు నాలుగు రెట్లవుతుందన్న సంగతిని కంటి అంచనా పట్టుకోలేదు. బండిని ఎంచుకోవడంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఏటీవీ లాగగలిగేది ఎంత

ఏటీవీ అమ్మేవారు ఇంజను సీసీలు, హార్సుపవరు చెబుతారు. దుంగ లాగే పనిలో వాటికంటే ముందు చూడవలసింది బండి బరువు. చక్రం నేలను పట్టుకున్నంతవరకే లాగగలదు. ఎండిన ఎర్ర నేల మీద నాలుగు చక్రాలకూ పవరు వెళ్లే బండి, తన బరువులోనూ తోలే మనిషి బరువులోనూ కలిపి దాదాపు సగం మేర బలంతో లాగగలదు. పనికొచ్చే 500 సీసీ తరగతి ఏటీవీ 320 కిలోలు, మనిషి 70 కిలోలు అనుకుంటే 190 కిలోల లాగుడు వస్తుంది. దుంగను నేల మీద ఈడ్చడానికి దాని బరువులో సగమైనా లాగుడు కావాలి, గరుకు నేలలో ఇంకా ఎక్కువ. అంటే కాగితం మీద సమతలంలో 380 కిలోల దుంగను లాగాలి. కానీ దారిలో వేరు అడ్డం వస్తుంది, రాయి తగులుతుంది, దుంగ మూతి మట్టిలోకి దిగబడుతుంది. అందుకే నేల మీద ఈడ్చేటప్పుడు 200 కిలోలను నేను హద్దుగా పెట్టుకున్నాను.

వాలు వచ్చిందంటే ఈ హద్దు కూడా నిలవదు. పది అడుగులకు ఒకటిన్నర అడుగు ఎత్తు పెరిగే ఎక్కుడు మీద 200 కిలోల దుంగను పైకి లాగాలంటే, ఈడ్చడానికి 100 కిలోల లాగుడు, బండినీ మనిషినీ దుంగనూ పైకి ఎక్కించడానికి మరో 88 కిలోల లాగుడు కావాలి. బండి దగ్గర ఉన్న శక్తి అంతా అక్కడితో సరిపోతుంది. చక్రాలు తిరుగుతూ మట్టిని తవ్వడం మొదలుపెడతాయి. మా గుట్టలో ఇంతకంటే వాలుగా ఉన్న చోట్లు చాలా ఉన్నాయి, చంద్రగిరి వైపు, పలమనేరు కనుమ కిందా ఉన్న తోటల్లోనూ అంతే. కాబట్టి దుంగలు పై నుంచి కిందికి వచ్చేలా బాట ఉన్న తోటలకే ఏటీవీ పనికొస్తుందని అనుకోవాలి.

మొదటి సంవత్సరం నేను ఒక స్నేహితుడి ఏటీవీని తెచ్చి, మూడడుగుల చుట్టుకొలత ఉన్న దుంగను గొలుసుతో బండి వెనక కట్టి లాగించాను. పది గజాలు రాకముందే దుంగ మూతి నాగలి కర్రులా నేలలోకి దిగింది. నేను ఇంకా యాక్సిలేటరు ఇచ్చాను. కాలిన రబ్బరు వాసన వచ్చి, ఇంజను అరుస్తున్నా బండి కదలలేదు. ఏటీవీల్లో ఎక్కువ వాటికి గేర్ల బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. లో రేంజి (బరువు లాగేటప్పుడు వేసే నెమ్మది స్థానం) వేయకుండా మామూలు రేంజిలోనే బరువు లాగితే ఆ బెల్టు జారి, వేడెక్కి, కాలిపోతుంది. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. బెల్టు మార్చి ఇవ్వడానికి అయిన ఖర్చుతో ఎద్దుల జతను వారం రోజులు పెట్టుకోవచ్చు.

అప్పుడు పక్కన నిలబడి చూస్తున్న పెద్దాయన, జీవితమంతా ఎద్దులతో మానులు లాగించినవాడు, దగ్గరికి వచ్చి దుంగ మూతి మీద కాలు పెట్టి, "మాను మూతి మట్టిలో గుచ్చుకుంటా ఉండాది నాయనా, ముందు దాన్ని పైకెత్తు, తరవాత ఏ బండైనా లాగతాది," అన్నాడు. దుంగ లాగడంలో తెలుసుకోవలసిన దాంట్లో సగం ఆ మాటలోనే ఉంది. మరుసటి వారం చిత్తూరులో వెల్డింగు షాపులో రెండు చక్రాల మీద నిలబడే ఇనుప కమాను చట్రం ఒకటి చేయించాను. దుంగ మొదలు భాగాన్ని గొలుసుతో ఆ కమానుకు వేలాడదీస్తే, మూతి నేల నుంచి ఒక అడుగు పైకి లేస్తుంది, తోక మాత్రం ఈడ్చుకుంటూ వస్తుంది. బరువులో సగం చక్రాల మీదికి వెళుతుంది కాబట్టి, అంతకుముందు 100 కిలోల లాగుడు అవసరమైన దుంగకు సమతలంలో 60 కిలోలు సరిపోతుంది. బండి అదే, నేల అదే, దుంగ అదే. కమాను లేకుండా ఏటీవీతో దుంగలు లాగాలనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

కింది వాలులో కమానుకు మరో ఉపయోగం ఉంది. తోక నేలకు రాసుకుంటూ వస్తుంది కాబట్టి అదే బ్రేకులా పనిచేస్తుంది. దుంగను పూర్తిగా ట్రాలీ మీద ఎక్కించి, ఆ ట్రాలీకి బ్రేకు లేకుండా వాలులో దిగితే, ఏటీవీ కంటే బరువైన సరుకు వెనక నుంచి తోసుకొస్తుంది, ముందున్న చిన్న బండి దాన్ని ఆపలేదు. సమతలంలో ట్రాలీ, వాలులో కమాను అని నేను నియమం పెట్టుకున్నాను. అడ్డవాలులో మాత్రం ఏటీవీని తోలనే కూడదు. అది ఇరుకు బండి, బరువు పైన ఉంటుంది, దుంగ పక్కకు జారితే బండిని తనతో పాటు లాగి దొర్లిస్తుంది. తోలేవారిని కాపాడే చట్రమేదీ దానికి ఉండదు. హెల్మెట్టు లేకుండా దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి.

ముందు భాగంలో వించ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే మోటారు) ఉన్న ఏటీవీ దొరికితే కొంత మేలు. బండిని ఎగుడుదిగుడు చోట్లకు తీసుకెళ్లకుండా, గట్టి నేల మీదే నిలిపి, తాడుతో దుంగను దగ్గరికి రప్పించవచ్చు. ఇలాంటి వించ్‌లకు 1,100 నుంచి 1,600 కిలోల లాగుడు ఉంటుందని రాసి ఉంటుంది గానీ, ఆ లెక్క డ్రమ్ము మీద తాడు అడుగు వరస ఒక్కటే మిగిలి ఉన్నప్పటిదే. తాడు ఎంత ఎక్కువ చుట్టుకుని ఉంటే శక్తి అంత తగ్గుతుంది. గట్టి చెట్టుకు కప్పీ కట్టి తాడును దాని మీదుగా మళ్లిస్తే లాగే దిక్కు మారుతుంది, కప్పీని దుంగకే కట్టి తాడు కొసను బండికి తెచ్చి తగిలిస్తే లాగుడు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. ఇనుప తాడు అయితే దాని మధ్యలో తడి గోనె సంచి వేయాలి. తెగినప్పుడు అది కొరడాలా మనిషి మీదికి రాకుండా ఆ బరువు అణుస్తుంది.

ఒక హెచ్చరిక. తక్కువ ధరకు దొరికే 110, 125 సీసీ ఏటీవీలు చాలావరకు వెనక చక్రాలతో మాత్రమే నడిచే ఆటబండ్లు. వాటి బరువే ఒక క్వింటాలుకు అటూ ఇటూ ఉంటుంది. సన్న సరుగుడు వాసం ఒకటి లాగుతాయేమో, అంతకు మించి వాటితో పని పెట్టుకోవద్దు.

మినీ ట్రాక్టరు, పెద్ద ట్రాక్టరు

పనికొచ్చే ఏటీవీ కొత్తది కొనాలంటే మినీ ట్రాక్టరు ధర కంటే తక్కువకు రాదు. అందుకే అసలైన పోలిక ఈ రెండింటి మధ్యే. 24 హార్సుపవరు తరగతిలో నాలుగు చక్రాలకూ పవరు వెళ్లే మినీ ట్రాక్టరు 650 నుంచి 800 కిలోల బరువు ఉంటుంది, అంటే ఏటీవీకి రెట్టింపు లాగుడు దాని దగ్గర ఉంటుంది. వెడల్పు మూడున్నర, నాలుగు అడుగులే. పైగా వెనక హైడ్రాలిక్కు ఉంది కాబట్టి దుంగ మూతిని ఎత్తడానికి వేరే కమాను అక్కర్లేదు. దున్నడానికి, రొటావేటరు వేయడానికి, మామిడికి మందు కొట్టడానికి ఏడాది పొడుగునా పని చేస్తుంది. ట్రాక్టరుగా రిజిస్టరు అవుతుంది, రోడ్డెక్కవచ్చు. ఏటీవీల్లో ఎక్కువ వాటికి రోడ్డు మీద తిరిగే రిజిస్ట్రేషను దొరకదు, తోట నుంచి తోటకు మార్చాలంటే టెంపోలో ఎక్కించాలి. సొంతంగా ఒక్క బండే కొనగలిగే రైతుకు నేను మినీ ట్రాక్టరునే చెబుతాను.

పెద్ద ట్రాక్టరు సంగతి వేరు. 45 హార్సుపవరు బండి రెండు టన్నులకు దగ్గరగా ఉంటుంది, ఎండు నేలలో టన్ను బరువున్న దుంగను ఈడ్చడం దానికి పెద్ద పని కాదు. మన పాత మామిడి తోపుల్లో చెట్టుకు చెట్టుకు మధ్య 33 అడుగులు వదిలి నాటారు కాబట్టి అది సులభంగా తిరుగుతుంది, కిందికి వాలిన కొమ్మలు తోలేవారి తలకు తగలకుండా చూసుకుంటే చాలు. అన్నిటికంటే పెద్ద సౌకర్యం, అది ప్రతి ఊళ్లోనూ గంట అద్దెకు దొరుకుతుంది. ఏడాదికి నాలుగు రోజుల పనికి సొంత బండి ఎందుకు అన్న ప్రశ్నకు అదే జవాబు. కానీ ఆరడుగుల నేల కావాలి దానికి. రెండు మీటర్ల ఎడంలో నాటిన టేకులో అది దూరదు, దూరిస్తే పక్క చెట్ల బెరడు చెక్కుకుపోతుంది. ఆ గాయం నుంచి కుళ్లు మొదలై, పదేళ్ల తరువాత మంచి ధర రావలసిన మాను అడితిలో తోసివేతకు గురవుతుంది. పలచన చేయడమే మిగిలిన చెట్ల కోసం కాబట్టి, వాటిని గాయపరిచే బండి చవకగా దొరికినా తీసుకోకూడదు.

ట్రాక్టరు ఏదైనా గొలుసును వెనక ఇరుసు కంటే కింద ఉన్న డ్రాబారుకే కట్టాలి. ఈ ఒక్క విషయాన్ని రెండుసార్లు చదవమని కోరుతున్నాను. ఇరుసు కంటే పైన, సీటు కింద హౌసింగుకో, పైకి లేపిన హైడ్రాలిక్కు చేతులకో కట్టి, దుంగ వేరుకు తట్టుకున్నప్పుడు క్లచ్చి వదిలితే, కదలలేని వెనక చక్రాల చుట్టూ ట్రాక్టరే తిరిగి, ముందు చక్రాలు లేచి, బండి తోలేవారి మీద వెల్లకిలా పడుతుంది. అరుపు వినిపించేంత సమయం కూడా ఉండదు. హైడ్రాలిక్కుతో మూతి ఎత్తినా ఒక అడుగుకు మించి ఎత్తకూడదు, లాగే స్థానం ఇరుసు కిందే ఉండాలి. ఏటీవీలో కూడా వెనక క్యారియరుకు కాకుండా కింద హుక్కుకే కట్టమనడానికి కారణం ఇదే.

ఎద్దులు, మనుషులు, జేసీబీ

కుప్పం, పలమనేరు వైపు ఇప్పటికీ హళ్లికారు ఎద్దుల జతలు కనిపిస్తాయి. మంచి జత నిలకడగా 80 నుంచి 100 కిలోల లాగుడు ఇస్తుంది, కొద్ది దూరానికి అంతకంటే చాలా ఎక్కువ ఇస్తుంది. అంటే సమతలంలో 150, 200 కిలోల దుంగ, ఇంచుమించు ఏటీవీ చేసే పనే. బండరాళ్ల మధ్య, వంక ఒడ్డున, ఏ చక్రమూ వెళ్లలేని చోట ఎద్దు కాలు వెళుతుంది. దుంగ తట్టుకుంటే యంత్రం ఇంకా బలం పెడుతుంది, ఎద్దు ఆగి నిలబడుతుంది. తోలేవాడికి ఆ ఆగడమే పెద్ద రక్షణ. జత, తెలిసిన మనిషి రెండూ దొరికితే, కొద్దిపాటి దుంగల పనికి నేను ఇప్పటికీ వాళ్లనే పిలుస్తాను. దొరకడమే కష్టమవుతోంది. మన పేరు మోసిన పుంగనూరు జాతి ఈ పనికి కాదు, అది పొట్టి జాతి, పాలకు, ఇంటి పోషణకు పెంచుకునేది.

జామాయిలు, సరుగుడు వేసినవారికి ఈ పోలికలో సగం అవసరమే లేదు. నాలుగంగుళాల మందం, 20 అడుగుల పొడవు ఉన్న జామాయిలు వాసం 50 కిలోల లోపే ఉంటుంది. చేను మొత్తం గుత్తకు కొన్న వ్యాపారి కూలీలు కోసి, తోలు తీసి, భుజాన మోసి లారీకి ఎక్కిస్తారు. ఆ ఖర్చు ధరలోనే ఉంటుంది. సత్యవేడు, తడ, సూళ్లూరుపేట వైపు ఇసుక నేలల్లో సొంతంగా సరుగుడు తీయించుకునే రైతులకు మాత్రం ఏటీవీని గట్టిగానే సిఫారసు చేస్తాను. దాని వెడల్పాటి టైర్లలో గాలి ఐదారు పౌన్లే ఉంటుంది కాబట్టి, ట్రాక్టరు దిగబడే ఇసుకలో అది తేలుతూ పోతుంది. ఒకేసారి నాలుగైదు వాసాలు కట్టగా కట్టి కమానుకు వేలాడదీస్తే చాలు.

ఇక ముసలి మామిడి తోపును పూర్తిగా తీసేసి కొత్త మొక్కలు పెట్టేవారు ఏటీవీ, ట్రాక్టరు రెండింటినీ మరచిపోవచ్చు. మొద్దులు పెకలించడానికి జేసీబీ ఎలాగూ వస్తుంది. అదే రోజు, అదే అద్దెలో దుంగలను కూడా బకెట్టుతో ఎత్తించి బాట పక్కన పేర్పించాలి. రంపం వాళ్లను ఒకటి రెండు రోజులు ముందే రప్పించి, మానులను అడితికి కావలసిన కొలతకు కోయించి ఉంచితే జేసీబీ గంటలు వృథా కావు. మామిడి కలపకు పురుగు, మరక తొందరగా పడతాయి కాబట్టి దుంగలు వానలో నానకముందే సామిల్లుకు చేరాలి. కొన్ని చెట్లనే తీసి మిగిలినవి ఉంచే తోపుల్లో జేసీబీని రానివ్వకండి. మామిడి వేళ్లు చాలావరకు పైపైనే దూరం పాకి ఉంటాయి, ఆ బరువు కింద నేల బిగుసుకుంటే పక్క చెట్టు కాపు తగ్గుతుంది.

నేల, కాలం, అనుమతులు

దుంగ ఈడ్చిన దారి ఎర్ర నేలలో జానెడు లోతు గాడిగా మిగులుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు ఆ గాడే కాలువ అయి మట్టిని వంకలోకి తీసుకుపోతుంది. 2021 నవంబరు వానల్లో తిరుపతి చుట్టుపక్కల నీరు ఎలా పారిందో చూసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. పని అయిన రోజే గాడికి అడ్డంగా పది పదిహేను గజాలకు ఒకటి చొప్పున చిన్న కట్టలు వేసి, కొమ్మలు రొట్టా పరిస్తే నీరు పక్కకు మళ్లుతుంది. ఈ విషయంలో కమాను కట్టిన ఏటీవీకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను, దాని గాడి వేలెడు లోతే ఉంటుంది. డ్రిప్పు ఉన్న తోపులో ముందురోజే లాటరల్ పైపులను (చెట్ల వరసల వెంట పరిచే సన్న పైపులు) చుట్టి చెట్టు మొదట్లో పెట్టించండి. కదలని మెయిను పైపు ఉన్న చోట రెండు పక్కలా మట్టి పోసి దాటించండి.

సొంత పట్టా భూమిలో చెట్టే అయినా కోతకు ముందు అనుమతి ప్రశ్న ఉంటుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్ల నరికివేతను నియంత్రిస్తుంది, 1967 అటవీ చట్టం కింద వచ్చిన రవాణా నియమాలు కలపను రోడ్డు మీద తీసుకుపోవడాన్ని నియంత్రిస్తాయి. ఏ జాతికి పర్మిటు కావాలో, దేనికి మినహాయింపు ఉందో కోతకు ముందే మీ అటవీ రేంజి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఎర్రచందనం సంగతిలో రవ్వంత అజాగ్రత్త కూడా పనికిరాదు. శేషాచలం కొండల పక్కన పట్టా భూముల్లో అది దానంతటదే మొలుస్తుంది, పెంచినవారూ ఉన్నారు. అటవీ శాఖ అనుమతి లేకుండా దాని కొమ్మ కూడా కదిలించకూడదు. 1995 నుంచి అది సైటిస్ (ముప్పులో ఉన్న జాతుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, అంటే దాని అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా నియంత్రణ ఉంది. రిజర్వు అడవిలోకి ఏటీవీని తీసుకుపోవడం, అక్కడ పడి ఉన్న కట్టెను తేవడం రెండూ నేరాలే. బండి కూడా జప్తు అవుతుంది.

పలమనేరు, కుప్పం ప్రాంతంలో కౌండిన్య అభయారణ్యం అంచున తోటలున్నవారు సాయంత్రం నాలుగు గంటలకే పని ఆపాలి. 1980లలో తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చి స్థిరపడిన ఏనుగులు చీకటి పడే వేళకే తోటల్లోకి దిగుతాయి. ఏటీవీ ఇంజను మోతలో వెనక వచ్చేది వినిపించదు.

ఏది ఎవరికి

దుంగలు 200 కిలోల లోపు, చెట్ల మధ్య ఎడం ఆరేడు అడుగులు, బాట కిందివైపు, ఏటేటా పలచన చేసే పని ఉండి, ఎరువు మోయడానికి, కంచె చూసుకోవడానికి కూడా బండి తిరుగుతుందనుకుంటే ఏటీవీ తీసుకోవచ్చు. ఒక్కరే కొనడం కంటే నలుగురు పక్కపక్క తోటలవాళ్లు కలిసి కొంటే ఇంకా అర్థం ఉంటుంది. ఎడం ఎనిమిది అడుగులు దాటి, దుంగలు నాలుగు క్వింటాళ్ల లోపు ఉంటే మినీ ట్రాక్టరు. పాత తోపులో విడివిడిగా ఒకటి రెండు మానులే తీయాలంటే ఊళ్లో పెద్ద ట్రాక్టరును అద్దెకు పిలవండి. మానును ఆరడుగుల ముక్కలుగా కోయిస్తే చాలావరకు దానితోనే అయిపోతుంది. వాలు పది అడుగులకు రెండు అడుగులు దాటితే ఏ చక్రాల బండినీ లోపలికి పంపవద్దు. బాట మీద నిలిపిన ట్రాక్టరుకు వించ్ కట్టించడమో, ఎద్దులను పిలవడమో చేయాలి, అదీ కుదరకపోతే ఆ చెట్టును అక్కడే ముక్కలు చేసి కట్టెగా మోయించుకోవాలి.

ఏది ఎంచుకున్నా గొలుసు మీద పొదుపు చేయకండి. గేటుకు కట్టే మామూలు గొలుసు లాగుడుకు తెగుతుంది. ఎత్తుడు పనికి వాడే గ్రేడు 80 గొలుసు 8 మిల్లీమీటర్లది రెండు టన్నుల పనిభారానికి తయారైనది, గ్రేడు గుర్తు దాని లింకుల మీదే అచ్చు వేసి ఉంటుంది, చూసి కొనండి. దుంగను మొదలు వైపు నుంచి లాగండి, అప్పుడు కొమ్మ నరికిన మొడుగులు వెనక్కి వాలి ఉంటాయి, నేలకు పట్టుకోవు. మొదలు నుంచి ఒకటిన్నర అడుగు వదిలి జారుముడి వేసి, కోసిన అంచును గొడ్డలితో చుట్టూ గుండ్రంగా చెక్కండి. పొద్దున్నే దుంగ కింద చెయ్యి పెట్టే ముందు గడ్డపారతో ఒకసారి దొర్లించి చూడండి. రాత్రంతా చల్లగా ఉన్న ఆ నీడలో తేలు గానీ, కట్లపాము గానీ ఉండటం మా తోపులో నేను ఒకటికి మూడుసార్లు చూశాను.